చౌడక్క బాడిగ

ఉచితం అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎమ్మిగనూరు బస్టాండు పక్కన పార్సిల్ ఆఫీసు పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి నేను. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు మూటను కాటా మీద పెట్టడం, ఏ ఊరికి పోవాలో చూడటం, బాడిగ ఎంతో చెప్పడం, ఇదే నా పని. ఏ మూటైనా తనంతట తాను లేచి ఇంకో ఊరికి నడిచిపోగా నేను చూడలేదు. లారీకి డీజిల్ పొయ్యాలి, డ్రైవరుకు జీతమివ్వాలి, ఎండలో ఇంటింటికీ తిరిగి ఇచ్చేవాడి కడుపు నిండాలి. మరి ఉచితం అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకునే మహానుభావులు ఆ ఖర్చంతా ఎవరి నెత్తిన రుద్దుతున్నారని అడిగే దిక్కు లేదు. మా ఊళ్ళో అడిగిన మనిషి ఒక్కతే. ఆమెకు ఏ గతి పట్టిందో చెబుతాను, వినండి.

ఆమె పేరు చౌడేశ్వరి. మా నేతపేటలో ఇంటికొక చౌడేశ్వరి ఉంటుంది కాని, చౌడక్క అంటే మాత్రం ఈమే. మగ్గం నేసే ఇంట్లో పుట్టింది, మగ్గం వర్కు సామాను అమ్ముతుంది. తెలియనివాళ్ళు రెండూ ఒకటే అనుకుంటారు. ఒకటి చీర నేసేది, రెండోది పెళ్ళి జాకెట్ల మీద జరీ, పూసలు, కుందన్లు కుట్టేది. మొదటిది మా ఊళ్ళో మూలపడుతోంది, రెండోదానికి ఊరూరా ఆడవాళ్ళు ఎగబడుతున్నారు. మొగుడు చనిపోయాక చౌడక్క సావుకారి దగ్గర కూలికి నేస్తున్న మగ్గం దిగేసి, మార్కెట్ వీధిలో ఒక చిన్న గది తీసుకుంది. పట్టుదారం ఉండలు, జరీ కండెలు, పూసల పొట్లాలు, సూదులు పెట్టుకుని కూర్చుంది. చుట్టుపక్కల పల్లెల్లో కుట్టుపని చేసే ఆడవాళ్ళంతా బస్సెక్కి వచ్చి ఆమె దగ్గరే కొనుక్కునేవాళ్ళు.

కరోనా కాలంలో బస్సులు ఆగిపోయాయి. అప్పుడు అందరూ ఫోన్లు చేసి, సామాను పంపించమని అడగడం మొదలుపెట్టారు. బస్సులు మళ్ళీ తిరిగినా ఆ అలవాటు పోలేదు. ఆమె తమ్ముడి కూతురు సుప్రజ డిగ్రీ చదువుతూ మేనత్తకు సాయంగా ఉండేది. ఆ పిల్ల సరుకు ఫోటోలు తీసి ఫోన్‌లో పెట్టింది. చూస్తుండగానే రాయచోటి నుంచి ఒకామె, ప్రొద్దుటూరు నుంచి ఇంకొకామె, చివరికి హైదరాబాదు నుంచి కూడా అడగసాగారు. మొదటి పార్సిల్ మోసుకుని చౌడక్క నా దగ్గరికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మూట కాటా మీద పెట్టకముందే నిలదీసింది.

"హనుమన్నా, బాడిగ ఎట్ల కడతావో నాకి సరిగ్గా చెప్పు. నేను ఇంగొకరికి చెప్పల్ల."

నేను నవ్వాను. "నీకెందుకక్కా ఇదంతా. అందరికీ ఒకటే రేటు పెట్టేసుకో. కొన్నిట్లో మిగుల్తాది, కొన్నిట్లో పోతాది. ఊరంతా అట్లే చేస్తాండారు."

"మిగిలేది ఎవురిది?"

"నీదే."

"నాదెట్ల అయితాది? ఈ పక్కన ఆదోనిలో ఉండే ఆమె ఎక్కువిచ్చినాది కాబట్టి గదా మిగిలినాది. హైదరాబాదామె మూటకు ఆదోనామె ఎందుకు కట్టల్ల?"

ఇన్నేళ్ళుగా మూటలు తూస్తున్నాను, ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. ఆ రోజు రేట్లన్నీ చెప్పించుకునే వదిలింది. అరకిలో దాటితే కిలో కింద కడతారని, బస్సులో వేసి బస్టాండులో దించుకుంటే తక్కువ, ఇంటికే తెచ్చివ్వాలంటే ఎక్కువ అని, బరువు లేకపోయినా పెట్టె పెద్దదైతే కొలతను బట్టి బరువు కడతారని చెప్పాను. ఈ కడపటి ముక్క దగ్గర ఆమె ఆగిపోయింది.

"అంటే పెట్టెలో ఉండే గాలికి కూడా బాడిగేనా?"

"అంతే అక్కా."

ఇక చూడండి, ఆ మనిషి గాలి మీద యుద్ధం ప్రకటించింది. పూసలను పెట్టెల్లో పెట్టడం మానేసి, పాత నూలు సంచులు కత్తిరించి వాటిలో చుట్ట చుట్టి కుట్టేది. ఇటుకరాయి అంత గట్టిగా ఉండేది ఆమె కట్టిన మూట. మగ్గం వర్కుకు చెక్క ఫ్రేము కావాలని ఎవరైనా దూరం నుంచి అడిగితే పంపనని చెప్పేది. "చెక్క కంటే దాని బాడిగే ఎక్కువయితాది తల్లీ. మీ ఊళ్ళో వడ్లాయనతో చేయించుకో, కొలతలు నేను పంపుతా" అనేది. మూట అరకిలో మీద రవ్వంత ఎక్కువ తూగితే నా కౌంటరు దగ్గరే నిలబడి ఫోన్ చేసేది. "ఒక పూసల పాకెట్టు తీసేస్తే నీకు బాడిగ సగానికి దిగుతాది. తీసేయనా?" అని అడిగేది. అవతలామెకు ఏమీ అర్థమయ్యేది కాదు. అమ్ముకునేవాళ్ళు సరుకు ఇంకొంచెం అంటగడతారు గాని, ఉన్నది తీసేస్తామంటారా. ఒకే ఊరి నుంచి ఇద్దరు అడిగితే ఇద్దరిదీ ఒక మూటగా కట్టి, బాడిగ చెరిసగం చేసి చెప్పేది. ఆమె వెనక వరసలో నిలబడ్డవాళ్ళు గొణుక్కునేవాళ్ళు. నాకూ విసుగు పుట్టేది, అబద్ధమెందుకు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఏంటక్కా ఈ చాదస్తం? సరుకు మీద నీకు వచ్చేదే అంతంత. బాడిగలో నాలుగు దుడ్లు ఎనకేసుకుంటే నిన్ను ఎవురన్నా జైల్లో పెడతారా?"

ఆమె మూట మీద అడ్రసు రాస్తూ తల ఎత్తకుండానే చెప్పింది. "చిన్న ఈరన్న సావుకారికి మా నాయన చీరలు నేస్తాండె. సావుకారి ఇంటి నుంచి నూలు మోసుకొచ్చేది మా నాయనే. నేసిన చీరలు సంచిలో పెట్టుకోని పోయి ఇచ్చేదీ మా నాయనే. ఆ సంచి ఒక చెవి నేను పట్టుకోని ఎంట పోతాంటి. కూలిచ్చేటప్పుడు సావుకారి, బాడిగ అని కొంచెం కోసుకుంటాండె. ఒగసారి అడిగేస్తి, మోసింది మేము గదా, బాడిగ ఎవురికి అని. సావుకారి నగినాడు. మా నాయన నా చెయ్యి గిల్లినాడు. దావలో ఏమన్నాడో తెల్సా? అది అట్లే ఉంటాదిలే పాపా, అడగగూడదు అన్నాడు."

అడ్రసు రాయడం అయిపోయింది. మూటను కాటా మీదికి తోసింది.

"మోసినోనికే బాడిగ. మోయనోనికి లేదు. అంతే హనుమన్నా."

ఆ తర్వాత ఇంకెప్పుడూ నేను ఆమెను తొందరపెట్టలేదు. ఆమె బిల్లు ఎప్పుడూ రెండే వరసలు, తెలుగులో. పైన సరుకు అని, కింద బాడిగ అని. ఆ బాడిగ నేను తీసుకున్నదే, అందులో పైసా తేడా ఉండదు. సుప్రజ ఇంగ్లీషులో పెడదామన్నా ఒప్పుకోలేదు. చదివేవాళ్ళకు తెలియాలి కదా అన్నది. సరిగ్గా ఆ బాడిగ అన్న మాటే ఆమె కొంప ముంచింది.

హైదరాబాదులో మగ్గం వర్కు క్లాసులు చెప్పే మేడమ్ ఒకామె ఉంది. ఫోన్‌లో ఆమె వీడియోలు చూసే జనం వేలల్లో ఉంటారు. ఆమె చౌడక్క దగ్గర పెద్ద మూటే తెప్పించుకుంది. సరుకు బాగుందని మెచ్చుకుంటూనే బిల్లు కెమెరా ముందు పెట్టింది. "చూడండి ఫ్రెండ్స్, ఐటమ్స్‌కి డబ్బులు వేరే తీసుకున్నారు. మళ్ళీ ఇక్కడ బాడిగ అని రాశారు. బాడిగ అంటే అద్దె కదా. అంటే వాళ్ళ షాపు అద్దె కూడా మనమే కట్టాలన్నమాట" అని నవ్వింది.

మా వైపు ఇంటికీ బాడిగే, బండికీ బాడిగే, మూటకూ బాడిగే. పుట్టినప్పటినుంచీ అంటున్న మాట. అది ఇంకోచోట ఇంకోలా వినబడుతుందని చౌడక్క కల గన్నదా? పోనీ, ఆ మేడమ్‌కు తెలియదు, ఒప్పుకుంటాను. చేతిలో ఫోన్ ఉంది కదా, బిల్లు మీద నంబరు ఉంది కదా, ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? ఆదోని కుర్రాడెవరో వీడియో కింద అసలు అర్థం రాశాడు. నేనూ రాశాను, జీవితంలో మొదటిసారి. మా ఇద్దరికీ నవ్వే బొమ్మలు పెట్టారు.

చౌడక్క ఆ మేడమ్‌కు చాలాసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. చివరికి సుప్రజ మెసేజ్ పెడితే జవాబు వచ్చింది. "ఓకే ఆంటీ, అర్థమైంది. బట్ కస్టమర్స్‌కి క్లియర్‌గా ఉండాలి కదా" అని. వీడియో మాత్రం తీయలేదు. అంతమంది చూస్తున్న వీడియోను ఎవరు తీస్తారు?

ఆర్డర్లు పడిపోయాయి. పోట్లాటకు వచ్చే ఫోన్లు మాత్రం ఆగలేదు. షాపు అద్దె మా దగ్గర వసూలు చేస్తావా అని, చౌడక్క మొహం కూడా చూడనివాళ్ళు తిట్టారు. సుప్రజ ఏడుస్తూ బాడిగ అన్న మాట తీసేసి షిప్పింగ్ ఛార్జి అని మార్చింది. మాట మారితే తిట్లు ఆగాయి, కొనడం మాత్రం మొదలు కాలేదు. ఇప్పుడు కొత్త ప్రశ్న వచ్చింది. కర్నూలులో ఫలానా షాపువాళ్ళు ఉచితంగా పంపుతున్నారు, నీకు మాత్రం ఎందుకివ్వాలి?

కర్నూలు షాపు సంగతి నాకు తెలుసు. అక్కడ పూసల పాకెట్టు రేటు చూస్తే చౌడక్క రేటు మీద బాడిగ కలిపి, ఆ పైన ఇంకొంత కూడా ఎక్కించి ఉంటుంది. కాని కింద ఉచితం అని ఆకుపచ్చ రంగులో మెరుస్తుంటుంది. కూడిక వచ్చినవాళ్ళెవరైనా అర నిమిషంలో కనిపెట్టచ్చు. ఎవరూ కూడలేదు.

శ్రావణమాసం పెళ్ళిళ్ళ కోసం చౌడక్క సరుకు ముందే తెచ్చి నింపుకుంది. అరలు కిటకిటలాడుతున్నాయి, ఫోన్ మాత్రం మోగడం లేదు. పల్లెలవాళ్ళు బస్సెక్కి వచ్చి కొనేదానితో ఆ గది బాడిగ కూడా వెళ్ళదు. ఇదిగో, నేనూ అదే మాట వాడుతున్నాను. ఇంతలో సావుకారి ఇంటి నుంచి కబురొచ్చింది, ఒక మగ్గం ఖాళీగా ఉంది, కూలికి వస్తే రమ్మని. తండ్రి చేత సంచి మోయించి బాడిగ కోసుకున్న ఆ ఇంటికే మళ్ళీ పోవాలి, లేదా కొట్టు నిలబెట్టుకోవాలి. మధ్యలో ఇంకో దారి లేదు.

ఆ కబురు వచ్చిన మరుసటి రోజు నేను ఆమె కొట్టుకు పోయాను. అత్తా మేనకోడళ్ళిద్దరూ వాదులాడుకుంటున్నారు.

"ధరలో కలిపేద్దాం అత్తా. అందరూ చేస్తాండేదే గదా" అంటోంది సుప్రజ.

"ఉచితమంటే ఎవురో ఒకరు కడతాండారు పాపా. ఎవురు? అది చెప్పు నాకి."

"ఎవురికీ తెలీదు. తెలీకుండా ఉంటేనే వాళ్ళకు బాగుండాది. తెలిసేట్టు రాస్తే నీకేమాయె, చూడు." ఆ పిల్ల ఫోన్ గల్లా మీద పడేసింది. "నువ్వు సావుకారి మగ్గమెక్కితే నేను చూడలేను అత్తా."

చౌడక్క నా వైపు చూసింది. న్యాయం చెప్పమన్నట్టు చూసింది. ఏం చెప్పను? ఆమె మాట నిజం, ఆ పిల్ల మాట కూడా నిజం. నేను అరల్లో ఉన్న దారం ఉండలు చూస్తూ నిలబడ్డాను. చౌడక్క చెంగుతో మొహం తుడుచుకుంది.

"కలిపెయ్" అన్నది.

సుప్రజ ప్రతి పాకెట్టు మీదా కొత్త ధర చీటీ అంటించింది. ఫోన్‌లో డెలివరీ ఉచితం అని పెట్టింది. నమ్మండి నమ్మకపోండి, వారం తిరక్కుండా మూటలు మొదలయ్యాయి. ముందు ఆమె చేత్తో మోసుకొచ్చేది, ఇప్పుడు నేనే ఆటో వేసుకుని పోయి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ హైదరాబాదు మేడమ్ ఇంకో వీడియో పెట్టింది. ఆంటీ మన మాట విని మారారు, ఇప్పుడు షిప్పింగ్ ఫ్రీ, చాలా జెన్యూన్ అని చెప్పింది. జెన్యూన్ అట. రెండు వరసలూ విప్పి చూపించినప్పుడు దొంగ, మూసిపెట్టినప్పుడు నిజాయితీపరురాలు. నాకు ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది, ఇంకా వాయిదాలు మిగిలున్నాయి కాబట్టి కొట్టలేదు.

కొట్టుకే వచ్చి తీసుకుపోయే పల్లె ఆడవాళ్ళకు మాత్రం పాత ధరే ఇద్దామని చౌడక్క కొన్నాళ్ళు చూసింది. ఎవరో ఒకామె ఆ పాత ధర చీటీని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టింది, షాపులో ఒక రేటు, ఆన్‌లైన్‌లో ఒక రేటు, ఇదేం మోసం అని. సుప్రజ భయపడిపోయింది. ఇంకో వీడియో వస్తే ఇక లేచేది లేదన్నది. అందరికీ ఒకటే ధర అయింది. అప్పటినుంచి చౌడక్క గల్లా దగ్గర కూర్చోవడం తగ్గించేసింది. లోపల నేల మీద కూర్చుని మూటలు కట్టుకునేది.

మొన్న ఒక మధ్యాహ్నం మూటల కోసం పోయాను. ఎండ మండిపోతోంది. సుప్రజ కాలేజీకి పోయినట్టుంది, చౌడక్కే గల్లా దగ్గర ఉంది. ఎదురుగా నందవరం సోమక్క నిలబడి ఉంది. చౌడక్క కొట్టు తెరిచిన నాటి నుంచి ఆమె దగ్గరే కొంటున్న మనిషి. ఫోన్లూ పార్సిళ్ళూ ఎరగదు. ఎప్పుడైనా సరే బస్సెక్కి వస్తుంది, తన గుడ్డసంచి తనే తెచ్చుకుంటుంది, సరుకు అందులో వేసుకుని మళ్ళీ బస్సెక్కుతుంది.

చౌడక్క మొత్తం చెప్పింది. సోమక్క కొంగుముడి విప్పుతూ, "ధర పెరిగినట్టుండాదే" అన్నది.

"పెరిగినాదక్కా." చౌడక్క పొట్లాలు సర్దుతూనే ఉంది.

"పెరుగుతాదిలే, ఏది పెరగలేదు." సోమక్క లెక్క కూడా చూసుకోకుండా నోట్లు గల్లా మీద పెట్టింది. "కర్నూలాయన దగ్గర ఫోన్‌లో తెప్పిస్తామని మా కోడలు ఒగటే పోరు. వద్దంటి. వాడు బాడిగంతా సరుకు ధరలో కలుపుతాడంట గదా. ఇట్లా బస్సులో వచ్చి తీసకపోయేవాళ్ళకాడ కూడా గుంజుతాడంట. చౌడక్క అట్ల చెయ్యదు, నాకి తెల్సు అంటి."

నేను గుమ్మంలో ఆగిపోయాను. చౌడక్క ఆ నోట్లు చేతిలోకి తీసుకుంది. కొన్ని నోట్లు విడదీసి తిరిగి ఇవ్వబోయింది.

"ఇదేమి?" అన్నది సోమక్క.

"నీవే. ఎక్కువొచ్చినాయి."

"చీటీ మీద ఉండేది ఇచ్చినా గదా. ఊరికే ఇస్తే నేనెందుకు తీసుకుంటా, నేనేమన్నా లేనిదాన్నా?" సోమక్కకు కోపం వచ్చింది. నోట్లు వెనక్కి తోసేసింది. సంచి భుజానికి వేసుకుని, బస్సుకు టైమైంది అంటూ మెట్టు దిగింది.

చౌడక్క గల్లాకు తాళం కూడా వెయ్యలేదు. చెప్పులు వేసుకోకుండానే బయటికి వచ్చి సోమక్క భుజం మీద సంచి పట్టుకుంది. "ఇట్లియ్యక్కా" అన్నది. సోమక్క ఎందుకెందుకంటూ గుంజుకుంటోంది. చౌడక్క వదల్లేదు. సంచి తీసుకుని తన నెత్తిన పెట్టుకుని బస్టాండు వైపు నడవసాగింది. వెనకాల సోమక్క, నలుగురూ చూస్తున్నారని సిగ్గుపడుతూ, వద్దమ్మా, ఏందమ్మా ఇది అంటూ పరుగులాంటి నడకతో వస్తోంది. కాళ్ళు కాలే ఎండ. నేను మూటల సంగతి మరిచిపోయి వెంట పడ్డాను.

"అక్కా, చెప్పుల్లేకుండా యాడికి పోతాండావు? నాకియ్యి, ఆటో ఉండాది, నేను దింపొస్తా."

ఆమె ఆగలేదు. నా వైపు తిరగలేదు కూడా.

"బాడిగ తీసుకుంటి గదప్పా" అన్నది. "మోయల్ల గదా."